ఒంట్లో యాసిడ్ ఎక్కువైతే క్యాన్సర్ పెరుగుతుందా? వంట సోడా నీళ్లు పట్టొచ్చా?

చీపురుపల్లి నుంచి మీరు అడిగింది ఇదీ: మీ మామ్మగారికి అంగిట్లో క్యాన్సర్ అని తేలింది, రేడియేషన్ కోసం విశాఖ తీసుకెళ్తున్నారు. ఇంతలో చుట్టాలెవరో "యాసిడ్ వల్లే క్యాన్సర్, రోజూ వంట సోడా నీళ్లు పట్టండి, చింతపండు, పంచదార మానిపించండి" అన్నారు. ఆ నీళ్లు పట్టకండి. ఎందుకో చెప్తాను.

నేను శ్రీకాకుళంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా అత్తగారికీ ఇదే జబ్బు వచ్చింది. ఆవిడకు పెళ్లికి ముందు నుంచీ అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పది వేల మందికి పైగా జనం అంగిళ్లు పరీక్షించి, ఈ అలవాటు చేసే చేటు గురించి 1971లోనే పరిశోధన వ్యాసం వేశారు. కాబట్టి నేరం పులుసు మీద మోపక్కర్లేదు.

యాసిడ్ మాటలో కొంత నిజం ఉంది, చిక్కంతా అక్కడే. గడ్డ చుట్టూ యాసిడ్ ఉంటుంది. కాకపోతే దాన్ని తయారుచేసేది క్యాన్సర్ కణమే. మామూలు కణం ఆక్సిజన్ అందుతుంటే గ్లూకోజ్‌ను పూర్తిగా మండించి, ఒక్కో అణువు నుంచి 30 దాకా ఏటీపీలు (కణం వాడుకునే శక్తి బిళ్లలు) రాబట్టుకుంటుంది. క్యాన్సర్ కణాలు చాలావరకు ఆక్సిజన్ ఉన్నా సగంలోనే ఆపేసి, 2 ఏటీపీలతో సరిపెట్టుకుని, మిగతాది లాక్టేట్‌గా, అంటే లాక్టిక్ యాసిడ్ రూపంలో వదిలేస్తాయి. 1920లలో ఒట్టో వార్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇది గమనించారు. కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పాడవడమే మూలం అనుకున్నారాయన. అది నిలబడలేదు, చాలా క్యాన్సర్లలో అవి బాగానే పనిచేస్తున్నాయి. మరి ఈ దుబారా ఎందుకు? గబగబా రెండుగా చీలే కణానికి శక్తి ఒక్కటే చాలదు, కొత్త డీఎన్ఏకి, కొవ్వు పొరలకు ముడిసరుకు కావాలి. గ్లూకోజ్‌ను సగంలో మళ్లిస్తే అది దొరుకుతుంది.

ఇంత యాసిడ్ లోపలే ఉంటే కణం చస్తుంది. అందుకని ఇల్లు ఊడ్చి చెత్త పక్కింటి వాకిట్లో పోసినట్టు బయటికి తోసేస్తుంది. ఒక రవాణా ప్రోటీన్ లాక్టేట్‌తో పాటు హైడ్రోజన్ అయాన్‌ను (యాసిడ్ గుణానికి మూలం ఇదే) మోసుకుపోతుంది, ఇంకొకటి సోడియంను లోపలికి తీసుకుని హైడ్రోజన్‌ను గెంటుతుంది. కార్బానిక్ యాన్‌హైడ్రేజ్ 9 అనే ఎంజైమ్ కణం బయట కార్బన్ డయాక్సైడ్‌ను బైకార్బనేట్‌గా (వంట సోడాలో ఉండేదే) మారుస్తుంది. ఆ బైకార్బనేట్ మళ్లీ లోపలికి వెళ్లి యాసిడ్‌ను విరుస్తుంది. ఫలితం చూడండి (పీహెచ్ అంకె 7 కన్నా తగ్గేకొద్దీ యాసిడ్, పెరిగేకొద్దీ దానికి విరుగుడైన క్షారం): మామూలు కణం లోపల పీహెచ్ సుమారు 7.2, బయట 7.4. క్యాన్సర్‌లో లోపల 7.4 లేదా ఆ పైన, బయట 6.5 నుంచి 6.9. అంటే "క్షారంలో క్యాన్సర్ బతకదు" అంటున్నారే, ఆ క్యాన్సర్ కణం తన లోపలంతా క్షారంగానే కాపాడుకుంటోంది! బయటి యాసిడ్ పక్క కణాలను చంపి దారి చేస్తుంది, మనల్ని కాపాడే టీ కణాలను మందగింపజేస్తుంది.

మరి సోడా తాగితే ఆ యాసిడ్ విరగదా? మా ఇంట్లో ఈ ముచ్చటా అయింది. ఒక ప్రకృతి వైద్యుడు అత్తగారికి సోడా నీళ్లు మొదలుపెట్టించి, వారం తిరక్కుండా మూత్రంలో రంగు కాగితం ముంచి చూపించాడు. పసుపుగా ఉండాల్సిన గడి ముదురు ఆకుపచ్చకు తిరిగింది. "చూశారా, ఒళ్లు క్షారమైపోయింది" అన్నాడు. మా బావగారు దాదాపు నమ్మేశారు. నేను రోజూ చూసే కాగితమే అది. ఎక్కువైన క్షారాన్ని కిడ్నీలు బయట పారబోస్తున్నాయని తప్ప దానికి వేరే అర్థం లేదు. రక్తం సంగతి వేరు. దాని పీహెచ్ 7.35, 7.45 మధ్యే ఉండాలి. ఐసీయూ నుంచి ఏబీజీ (ధమని రక్తంలో పీహెచ్, వాయువులు చూసే పరీక్ష) శాంపిల్ వస్తే, మెషిన్‌లో 7.2 కనబడగానే రిపోర్టు ప్రింటయ్యేదాకా ఆగం, డ్యూటీ డాక్టరుకు ఫోన్ కొడతాం. తిండితో అటూ ఇటూ జరిగే అంకె కాదది. జరగనివ్వకుండా ఊపిరితిత్తులు, కిడ్నీలు పొద్దస్తమానం కాపలా కాస్తాయి.

ఎలుకలకు నీళ్లలో బైకార్బనేట్ కలిపి పట్టిన ప్రయోగం 2009లో వచ్చింది. క్యాన్సర్ పాకడం తగ్గింది కానీ అసలు గడ్డ తగ్గలేదు. యూట్యూబ్ వాళ్లు మొదటి సగమే చెప్తారు. ఆ మోతాదు మనిషికి లెక్క కడితే రోజూ చెంచాల కొద్దీ అవుతుంది. ఒక్క చెంచా సోడాలోనే 1.2 గ్రాముల సోడియం ఉంటుంది, రోజంతటికీ 2 గ్రాములు దాటకూడదని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తోంది. అత్తగారికి కాళ్లు వాచాయి, బీపీ పెరిగింది, అప్పుడు ఆపించాం. మీ మామ్మగారిది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు పుట్టిల్లయినా, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ ఎక్కువున్నా ఆ ఊసే వద్దు.

పంచదార విషయం. పెట్ స్కాన్‌లో గడ్డ వెలుగుతుంది కదా, అది రేడియోధార్మిక గ్లూకోజ్ లాంటి పదార్థాన్ని ఎక్కువగా పీల్చుకోవడం వల్లే. మెదడు, గుండె కూడా వెలుగుతాయి, ఆ బొమ్మ చూసి కంగారు పడకండి. పంచదార మానేసినంత మాత్రాన గడ్డ పస్తుండదు. అన్నం తగ్గిస్తే లివరు కండ కరిగించి మరీ గ్లూకోజ్ తయారు చేస్తుంది, క్యాన్సర్ కణం ప్రోటీన్లలో ఉండే గ్లుటమిన్ కూడా తింటుంది. చిక్కిపోయేది మనిషే. షుగరు జబ్బు ఉంటే డాక్టరు చెప్పినట్టు, లేకపోతే కాఫీలో చెంచా పంచదారకు అంత టెన్షన్ వద్దు. చోడి అంబలి, మెత్తటి పెరుగన్నం, గుడ్డు, ఏది దిగితే అది పెట్టండి. బరువు తగ్గకుండా చూసుకోండి.

రేడియేషన్ మొదలయ్యాక నోరు పూసిపోతుంది. అప్పుడు పులుపు, కారం మానమంటారు, మంట పుడుతుంది కాబట్టి. వంట సోడా అప్పుడు పనికొస్తుంది: గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా సోడా, చిటికెడు ఉప్పు వేసి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మేయడానికి. మింగడానికి కాదు. మీ డాక్టరును అడిగే మొదలుపెట్టండి. అన్నట్టు, మీ మామ్మగారికి చుట్ట అలవాటుండి ఇంకా మానకపోతే ముందు అది మానిపించండి.