‘నీ వాదన ఏది?’ అని సార్ అడిగితే ఏం రాయాలి?

ప్రశ్న: మేడమ్, మాది జగ్గంపేట దగ్గర మెట్ట ఊరు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు హైదరాబాద్‌లో బీఏ హిస్టరీ మొదటి సంవత్సరం. ‘ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి జిల్లాను ఎలా మార్చింది?’ అని 1500 పదాల ఎస్సే ఇచ్చారు. చాలా కష్టపడి రాశాను. ఆనకట్ట కట్టించిన ఇంజనీరు కాటన్ దొర జీవితం, కరువులు, ఆనకట్ట కొలతలు, ఆయన మీద చెప్పే శ్లోకం అన్నీ పెట్టాను. 20కి 7 వచ్చాయి. మార్జిన్‌లో సార్ ఒకచోట ‘నీ వాదన ఏది?’ అని, చాలాచోట్ల ‘ఎవరు చెప్పారు?’ అని రాశారు. స్కూల్లో వ్యాసరచన పోటీ పెడితే ప్రైజు నాదే. మా ఊరికి కాలువ నీళ్లే రావు, మా తాతయ్య కోతలప్పుడు డెల్టా ఊళ్లకు కూలికి వెళ్లేవాడు. అలాంటి ఇంటి నుంచి వచ్చి ఇక్కడ నెగ్గుకు రాగలనా అని టెన్షన్‌గా ఉంది. ఎస్సే జిరాక్స్ జత చేస్తున్నాను.
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: జిరాక్స్ పంపి మంచి పని చేశావమ్మా. లేకపోతే నేను కూడా గాలిలో సలహాలు చెప్పి ఊరుకునేదాన్ని. నీ ఎస్సే మొత్తం చదివాను. పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని సరిగ్గానే రాశావు. 1832–33 కరువు సంగతీ సరిగ్గానే ఉంది. నీ తెలివికి లోటేమీ లేదు. ఎవరూ అడగని ప్రశ్నలకు కూడా నువ్వు జవాబు రాశావు, ఇబ్బంది అంతా అక్కడే వచ్చింది.

నీ మొదటి పేరా చూడు. తెలుగులో చెప్తున్నాను: ‘గోదావరి మన దేశంలోని పవిత్ర నదుల్లో ఒకటి. అది నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వర్‌లో పుట్టి, ఎన్నో మైళ్లు ప్రవహించి, బంగాళాఖాతంలో కలుస్తుంది.’ ఇందులో అబద్ధం లేదు. కానీ నది ఎక్కడ పుట్టిందని సార్ అడగలేదు. తరువాత రెండు పేజీలు కాటన్ ఎప్పుడు పుట్టాడు, ఎక్కడ చదివాడు, ఎంత మంచివాడు. ఆనకట్ట వల్ల జిల్లా ఏమైందన్నది ఆఖరి పేజీలో వస్తుంది, అదీ ‘సస్యశ్యామలమైంది’ అన్న ఒక్క మాటతో తేలిపోతుంది. స్కూల్లో విషయం ఇచ్చి, తెలిసినదంతా అందంగా రాయమంటారు. అక్కడ నువ్వు నేర్చుకున్నది వృథా కాదు, నీ వాక్యం చక్కగా నడుస్తోంది. యూనివర్సిటీలో మాత్రం ప్రశ్న ఇస్తారు. దానికి నువ్వొక జవాబు ఎంచుకోవాలి, ఆధారాలతో నిలబెట్టాలి, కాదనేవాళ్లకు బదులు చెప్పాలి.

‘ఆనకట్ట వల్ల జిల్లా బాగుపడింది’ అన్నావనుకో, కాదనేవాళ్లెవరు? ఎవరూ కాదనని మాటను రుజువు చేయడానికి 1500 పదాలు ఎందుకు? ఇప్పుడు నీ ఉత్తరంలోకి రా. ‘మా ఊరికి కాలువ నీళ్లే రావు’ అన్నావు. ఎస్సేలో ఈ మాట ఎక్కడా లేదు. ఉత్తరంలో ఉంది, అదీ నీ బెంగ చెప్పుకోవడానికి. నీ వాదన అక్కడే ఉందమ్మా. ఇలా మొదలుపెట్టి చూడు: ‘1852లో పూర్తయిన ఆనకట్ట డెల్టా తాలూకాలకు కరువు భయాన్ని తగ్గించింది. కానీ నీరు అందిన పల్లపు ఊళ్లకూ, అందని మెట్ట ఊళ్లకూ మధ్య తేడాను పెంచింది.’ దీన్ని కాదనేవాళ్లుంటారు. అందుకే ఇది వాదన అవుతుంది. నది పుట్టుక పేరా తీసేసి ఈ రెండు వాక్యాలు పెట్టు.

ఇక ‘ఎవరు చెప్పారు?’ అన్న ప్రశ్న. సార్ కోప్పడ్డారని నువ్వు అనుకున్నట్టున్నావు. నాకలా అనిపించలేదు. ప్రతి ఆధారాన్నీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు చెప్పారో చూడమంటున్నారు. జిల్లా ఆదాయం ఎందుకు పడిపోతోందో తేల్చమని ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం హెన్రీ మాంట్‌గోమరీని పంపింది. ఆయన 1844లో రిపోర్టు ఇచ్చాడు. అంటే ఆ రిపోర్టుకు వెనక శిస్తు లెక్క ఉంది. ఆ మాట నువ్వు ఒక వాక్యంలో చెప్తే, కాటన్ దయ ఒక్కటే ఆనకట్టను కట్టలేదన్న సంగతి చదివేవారికి దానంతటదే తెలుస్తుంది. 1907లో వచ్చిన గోదావరి జిల్లా గెజిటీర్, అంటే జిల్లా వివరాలన్నీ ఉన్న ప్రభుత్వ పుస్తకం, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాని చివరి భాగం తాలూకాల వారీగా ఉంటుంది. అమలాపురం, రామచంద్రపురం ఒక పక్క, మీ వైపు పెద్దాపురం ఇంకో పక్క పెట్టుకుని చదువు. భూమి గురించి, నీటి గురించి ఏం రాశారో రెండు వరుసల్లో దించుకో. అయితే అది ప్రభుత్వ అధికారి రాసిన పుస్తకం. కూలివాడి ఇల్లు ఆయనకు ఎంతవరకు కనపడి ఉంటుందో కూడా అడగాలి.

కాటన్‌ను భగీరథుడితో పోల్చే ఆ శ్లోకాన్ని నువ్వు ముగింపులో అలంకారంగా పెట్టావు. తీసెయ్యమని చెప్పను. దాని చోటు మార్చు. ఆ శ్లోకం కాలువలు ఏం చేశాయో చెప్పదు, డెల్టా జనం కాటన్‌ను ఎలా గుర్తుపెట్టుకున్నారో చెప్తుంది. ఇలాంటి శ్లోకం మెట్టలో ఎవరైనా చదువుతారా? మీ ఊళ్లో అడిగి చూడు. చదవకపోతే అదీ ఒక ఆధారమే.

మీ తాతయ్య సంగతి దగ్గర కాస్త ఆగుతాను. ఇంట్లో విన్న మాట ఎస్సేలో పెట్టొచ్చా అని నీకు అనుమానం ఉండే ఉంటుంది. పెట్టొచ్చు. ఎవరు చెప్పారో, ఏ కాలం గురించి చెప్పారో రాసి పెట్టాలి, అంతే. ఆయన కాలం 1852కి చాలా తరువాత కాబట్టి దాన్ని ఆనకట్ట కట్టిన రోజుల సాక్ష్యంగా వాడకూడదు, ఆ తేడా ఎంతకాలం సాగిందో చెప్పడానికి వాడాలి. ఇంకో సంగతి. తాతయ్య డెల్టాకు కూలికి వెళ్లాడంటే, అక్కడ మెట్టవాళ్లకు పని దొరికిందన్నమాటే కదా? నీ వాదనను కాదనేవాడు మొదట పట్టుకునేది ఇదే. దీన్ని దాచిపెట్టకు. ఒక పేరా దానికే ఇవ్వు. ‘నిజమే, కోతల కాలంలో పని దొరికింది. కానీ సొంత పొలంలో రెండో పంట పండించుకోవడం, ఇల్లు వదిలి వెళ్లి వేరేవాళ్ల పంట కోయడం ఒకటి కావు’ అని బదులు చెప్పు. ఇలా ఎదుటివాడి మాటకు బదులిచ్చిన పేరా ఉన్న ఎస్సేలకు మార్కులు వేసేటప్పుడు నా చెయ్యి ఎప్పుడూ ధారాళంగానే ఉండేది.

నువ్వు 1879 రంప తిరుగుబాటును కూడా ఒక వాక్యంలో తెచ్చావు. ఒకే జిల్లాలో, ఇరవై ఏడేళ్ల తేడాతో జరిగాయని రెంటికీ ముడి వేయకు. అక్కడి గొడవ కొండ ఊళ్ల పెత్తందార్లయిన ముఠాదార్లది, కల్లు మీద పన్నుది, ఏజెన్సీలో పోలీసుల జులుందీ. ఆ వాక్యం తీసెయ్.

రాశాక ఒక పరీక్ష పెట్టుకో. ప్రతి పేరాలోనూ మొదటి వాక్యం మాత్రమే వరసగా పైకి చదువు. అవి చదివితే నీ వాదన అర్థం కావాలి. ఏదైనా వాక్యం ‘కాటన్ 1803లో జన్మించాడు’ అన్నట్టు ఉంటే ఆ పేరా ఎందుకుందో నిన్ను నువ్వు అడుగు.

ఇంగ్లిష్ గురించి నువ్వు అడగలేదు గానీ వాక్యాల్లో ఆ భయం తెలుస్తోంది. ఎక్కడ ఆలోచన మసకగా ఉందో అక్కడే పెద్ద పెద్ద మాటలు వాడావు. వాదనను ముందు తెలుగులో పది లైన్లు రాసుకో. అది నీకు స్పష్టమయ్యాక ఇంగ్లిష్‌లో చిన్న వాక్యాలు చాలు. తరువాత సార్ దగ్గరికి వెళ్లి, మార్కుల మాటెత్తకుండా, ‘ఈ రెండు వాక్యాల వాదన నిలబడుతుందా సార్?’ అని మాత్రం అడుగు. మార్జిన్‌లో అన్ని ప్రశ్నలు రాసినాయన తప్పకుండా కూర్చోబెట్టి మాట్లాడతారు. మెట్ట ఊరి నుంచి వచ్చిన పిల్ల నెగ్గుకు రాగలదా అన్నావు. ఈ ప్రశ్నను ఈ వైపు నుంచి చూడగలిగేది మీ క్లాసులో నువ్వే కావచ్చు. మళ్లీ రాసింది నాకు పంపు.

ప్రశ్న: మేడమ్, నేను ఒక్క వాక్యం కూడా కాపీ కొట్టలేదు. అన్నీ నా మాటల్లోకి మార్చి రాశాను. అయినా కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో నా ఎస్సేకు 34 శాతం పోలిక చూపించింది. యూజీసీ రూలు ప్రకారం 10 శాతం దాటితే శిక్ష అంటున్నారు. నా డిగ్రీ పోతుందా?
– బీఏ విద్యార్థి, వరంగల్

జవాబు: ముందు భయం తీరుస్తాను బాబూ. యూజీసీ 2018 నిబంధనల్లో 10, 40, 60 శాతాల లెక్క ఉన్నమాట నిజం. కానీ అవి థీసిస్‌లు, పరిశోధన వ్యాసాల వంటి వాటికి. అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ఎస్సేలు, జవాబు పత్రాలను అందులోనే మినహాయించారు. నీ ఎస్సే సంగతి మీ కాలేజీ, మీ టీచర్ చూసుకుంటారు. డిగ్రీ ఎక్కడికీ పోదు.

అలాగని 34ను వదిలేయకు. ‘నా మాటల్లోకి మార్చాను’ అన్నావే, అది ఎలా మార్చావో చూడు. పుస్తకంలో ‘కరువు కాలంలో రైతులు భూములు వదిలి వలస వెళ్లారు’ అని ఉందనుకో. నువ్వు ‘క్షామ సమయంలో కర్షకులు పొలాలు విడిచి వలసపోయారు’ అని రాస్తావు. మాటకు మాట మారింది, వాక్యం ఆయనదే, ఆలోచనా ఆయనదే, పేరు మాత్రం లేదు. సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోయినా చదివే టీచర్ పట్టుకుంటారు.

నోట్స్ దగ్గరే జాగ్రత్త పడు. నోటుబుక్కులో ఎడమ పేజీ పుస్తకానికి: వాక్యం యథాతథంగా, కొటేషన్ గుర్తుల్లో, పక్కనే పేజీ నంబరు. కుడి పేజీ నీకు: దాని మీద నీకు ఏమనిపించింది, ఏ అనుమానం వచ్చింది. ఎస్సే రాసేటప్పుడు పుస్తకం మూసేసి కుడి పేజీ నుంచే రాయి. ఆయన మాట అవసరమైన చోట ‘ఫలానా ఆయన ప్రకారం’ అని పేరు చెప్పి ఎడమ పేజీ నుంచి తెచ్చుకో. పేజీ నంబరు అప్పుడే రాసుకోకపోతే సబ్‌మిషన్ ముందు రాత్రంతా దాన్ని వెతకడానికే సరిపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయి బీఏ మొదటి సంవత్సరం. ఎస్సేలు ఏఐ యాప్‌తో రాయించుకుంటోంది. అందరూ అంతే నాన్నా అంటోంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, కడప

జవాబు: కాలేజీ వద్దని చెప్పి ఉంటే వద్దనే చెప్పండి, అందులో బేరాలు లేవు. అక్కడ అనుమతి ఉన్నా, యాప్ ఇచ్చిన పుస్తకాల పేర్లు, పేజీ నంబర్లు లైబ్రరీలో సరిచూడకుండా ఒక్కటి కూడా ఎస్సేలో పెట్టనివ్వకండి. లేని పుస్తకాన్ని ఉన్నట్టు చూపించడం ఆ యాప్‌లకు మామూలే. ఎస్సే ఇచ్చే ముందు రోజు కాగితాలు పక్కన పెట్టి, తన వాదన ఏమిటో మీకు ఐదు నిమిషాలు చెప్పమనండి. మీకు ఆ సబ్జెక్టు తెలియకపోయినా పర్వాలేదు, ‘ఎందుకలా?’ అని రెండుసార్లు అడగండి చాలు. చెప్పలేకపోతే తిట్టకండి. గడువు రెండు రోజులు పెంచమని టీచర్‌ను అడిగి, తనే మళ్లీ రాయమనండి.