మిల్లులో ఎరుపు, ప్యాకెట్లో పసుపు

ప్రశ్న: మాది అశ్వారావుపేట. మా గెలలు ఆడించే మిల్లులో పామాయిల్ ఎర్రగా ఉంటుంది. కొట్లో ప్యాకెట్ మాత్రం లేత పసుపు. ఏం కలుపుతారు?
– ఒక రైతు

జవాబు: కలపరండీ, తీసేస్తారు. ఆ ఎరుపు కెరోటిన్లది, క్యారెట్‌లో ఉండేవే. ముడినూనె కిలోకి దాదాపు 500 నుంచి 700 మిల్లీగ్రాములు ఉంటాయి. రిఫైనరీలో బ్లీచింగ్ మట్టి కలిపి వడకడితే కొంత రంగు మట్టికి అంటుకుపోతుంది. నేను ల్యాబ్‌లో చేసే రోజుల్లో చూసేవాణ్ణి, అప్పటికీ సీసాలో నూనె ఇంకా ఎరుపే. అసలు పని తర్వాతది. వాసన పోవడానికి వాక్యూమ్‌లో 250 డిగ్రీల దాకా కాచి, ఆవిరి పంపుతారు. ఆ వేడికి మిగిలిన కెరోటిన్లు విరిగిపోతాయి. మన ఒంట్లో విటమిన్ ఎ అయ్యేవి అవే! చిత్రమేమిటంటే, ప్లస్ ఎఫ్ (+F, అంటే పోషకాలు కలిపినది అనే) గుర్తున్న ప్యాకెట్లలో విటమిన్ ఎ మళ్లీ విడిగా కలుపుతారు.