పోస్ట్‌గ్రెస్‌కు మొదటి ప్యాచ్ పంపబోతున్న సింధుకు

చిరంజీవి సింధుకు బాబాయి ఆశీస్సులు.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కు నువ్వు రాసిన ప్యాచ్ (కోడ్‌లో ప్రతిపాదించే మార్పు), దానితో పాటు రాసిన వివరణ రెండూ చదివాను. కోడ్ శుభ్రంగా ఉంది. నా దగ్గర కంపైల్ అయింది, నువ్వు చెప్పినట్టే పనిచేసింది. అయినా ఇప్పుడే పంపొద్దంటాను. పోస్ట్‌గ్రెస్ వాళ్లు ముందుగా అడిగేది అసలు ఇబ్బంది ఏమిటని. అది ఇంకెంతమందికి ఉంది, దానికి ఇదే మందా అని ఆ తర్వాత అడుగుతారు. వీటికి నీ వివరణలో జవాబు లేదు. 'మా ఆఫీసులో ఒక రిపోర్టు నలభై నిమిషాలు తీసుకుంటోంది, దీంతో నాలుగు సెకన్లకు వచ్చింది' అని ఉంది. అది మీ మేనేజరుకు సరిపోతుంది, వాళ్లకు సరిపోదు.

నువ్వు తయారుచేసింది హింట్లు. ఈ ఇండెక్స్ (త్వరగా వెతికే సూచిక) వాడు, ఈ జాయిన్ (రెండు టేబుళ్లను కలపడం) ఫలానా పద్ధతిలో చెయ్యి అని క్వెరీలోనే, అంటే డేటా అడిగే ప్రశ్నలోనే, దాన్ని నడిపే దారి ఎంచే ప్లానర్‌కు చెప్పడం. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్ లాంటి వేరే డేటాబేస్‌లలో ఉన్నాయి, ఇక్కడ మాత్రం ఎందుకు లేవని అడిగావు. ఎవరికీ తట్టక కాదమ్మా. ఏళ్ల తరబడి నలిగిన వాదన అది. హింట్ రాసిన రోజు టేబుల్‌లో పదివేల వరుసలుంటాయి. నాలుగేళ్లకు పది కోట్లవుతాయి. హింట్ మాత్రం అప్లికేషన్ కోడ్‌లో ఏ మూలో అలాగే పడి ఉంటుంది, రాసినవాడు ఉద్యోగం మారిపోయి ఉంటాడు. కొత్త వెర్షన్‌లో ప్లానర్ మెరుగుపడినా ఆ క్వెరీకి ఆ లాభం అందదు. ఇంకో అభ్యంతరం నాకు మరీ సబబుగా తోస్తుంది: హింట్‌తో పని గడిచిపోతే ప్లానర్ ఎక్కడ తప్పు లెక్క వేసిందో ఎవరూ చెప్పరు, చెప్పకపోతే అది బాగుపడదు. తప్పనిసరైనవాళ్లకు పీజీ హింట్ ప్లాన్ అనే ఎక్స్‌టెన్షన్ (విడిగా తగిలించుకునే భాగం) బయట ఉండనే ఉంది. ఈ అభిప్రాయమేమీ శిలాశాసనం కాదు, మెత్తబడే పెద్దలూ ఉన్నారు. కానీ అక్కడ ఎవరికీ పరిచయం లేని మనిషి మొట్టమొదటి ప్యాచ్‌తో తెరవాల్సిన తగువు మాత్రం అది కాదు.

హింట్ సంగతి పక్కన పెట్టి నీ క్వెరీనే చూద్దాం. నువ్వు పంపిన ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్‌లో, అంటే క్వెరీ ఎలా నడిచిందో చూపే నివేదికలో, నాకు కనిపించింది ఒకటే, అంచనాకూ అసలుకూ మధ్య తేడా. నీ షరతులు రెండు: జిల్లా ఫలానా, మండలం ఫలానా. కోటి వరుసల టేబుల్ అనుకో. ఆ జిల్లావి నూటికి మూడు, ఆ మండలానివి వెయ్యికి రెండు. మండలం ఎలాగూ ఆ జిల్లాలోనే ఉంది కాబట్టి నిజంగా వచ్చేవి ఇరవై వేలు. ప్లానర్‌కు భూగోళం తెలియదు. రెండు కాలమ్‌లకూ సంబంధం లేదనుకుని ఆ రెండు నిష్పత్తులనూ గుణించేస్తుంది, ఆరు వందలే వస్తాయని లెక్కేస్తుంది. ఆరు వందలకైతే నెస్టెడ్ లూప్, అంటే ఒక్కో వరుసకూ రెండో టేబుల్‌లో మళ్లీ వెతకడం, చవకే; ఇరవై వేలకు అదే తలప్రాణం తోకకు తెస్తుంది. నీ నలభై నిమిషాలు అక్కడే పోతున్నాయి.

దీనికి మందు 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచీ ఉంది. క్రియేట్ స్టాటిస్టిక్స్ అనే ఆజ్ఞతో ఈ రెండు కాలమ్‌లకూ సంబంధం ఉందని చెప్పి, ఒకసారి ఎనలైజ్ (టేబుల్ గణాంకాలు సేకరించే ఆజ్ఞ) నడిపితే చాలు. 12లో దానికి తరచుగా కలిసి కనిపించే విలువల జాబితా తోడైంది, 14లో ఎక్స్‌ప్రెషన్లకూ (కాలమ్‌ల మీద కట్టే లెక్కలకూ) పనికొచ్చేలా చేశారు. చూశావా, ప్లానర్‌కు ఆజ్ఞలివ్వకుండా తెలియని విషయం తెలియజెప్పే దారిలో ఎలా వెళ్లారో. అయితే ఒక పెద్ద వెలితి ఉంది. రెండు టేబుళ్ల మధ్య జాయిన్ అంచనాలకు ఈ గణాంకాలు ఇంకా వాడరు, డాక్యుమెంటేషన్‌లోనే ఆ మాట రాసి ఉంది. రెండు టేబుళ్లను కలిపే నీ రెండో క్వెరీ సరిగ్గా అక్కడే దెబ్బతింటోంది. కాబట్టి నీ చేతిలో ఉన్నది చాలా విలువైన ఉదాహరణ. దాన్ని హింట్ల ప్యాచ్ కింద కప్పెట్టేశావు. మీ ఆఫీసు డేటా బయటపెట్టకుండా, వరుస సంఖ్యలు పుట్టించే జనరేట్ సిరీస్‌తో అలాంటి నకలు టేబుళ్లు కట్టి, ఎవరైనా పది నిమిషాల్లో తమ మెషీన్‌లో నడిపి చూసుకునేలా చిన్న స్క్రిప్ట్ రాయి. ప్యాచ్ లేకుండా అదొక్కటి పంపినా నీ మాట వింటారు.

వాళ్లకింత చాదస్తం ఎందుకని విసుక్కునే ముందు 2018లో జరిగిన ఎఫ్‌సింక్ రభస మొత్తం చదువు. సెలవు రోజు పెట్టుకుని తాపీగా చదవాల్సిన సంగతి. రాసినదాన్ని డిస్కుకు చేర్చమని పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌సింక్ ద్వారా ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. విఫలమైతే మళ్లీ అడిగేది, రెండోసారి 'సరే' అని వస్తే డేటా చేరిందని నమ్మేది. లినక్స్ చేసేది వేరు. రాయడం కుదరకపోతే ఆ సంగతి ఒకసారి చెప్పి, ఆ పేజీలను రాసేసినవాటి కిందే జమకట్టేది. రెండోసారి అడిగేసరికి రాయాల్సింది ఏమీ మిగల్లేదు కనుక 'సరే' అనేది. డిస్కులో డేటా లేదు, చెక్‌పాయింట్ (అప్పటిదాకా మారినదంతా డిస్కుకు చేర్చే దశ) మాత్రం విజయవంతంగా ముగిసింది. ఇక తిరిగి రాసుకోవడానికి కావలసిన వాల్ (మార్పులన్నీ ముందుగా రాసుకునే చిట్టా) అవసరం కూడా తీరిపోయినట్టే లెక్క. ఈ నమ్మకం మీద ఏళ్లకు ఏళ్లు నడిచింది కోడ్! చర్చ కెర్నెల్ (లినక్స్ లోపలి ముఖ్య కోడ్) రాసేవాళ్ల దాకా పోయింది. చివరికి 2019 ఫిబ్రవరిలో, 11.2లోనూ అప్పటికి మద్దతున్న పాత వెర్షన్లలోనూ ఒక మార్పు చేశారు. ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైతే చాలు, సర్వర్ ప్యానిక్ అయి పడిపోతుంది, వాల్ నుంచి కోలుకుంటుంది. డేటా ఉందో లేదో తెలియకుండా నడవడం కన్నా పడిపోవడం మేలని తేల్చుకున్న జనం వాళ్లు. నీ ప్యాచ్‌లో 'ఇక్కడ మెమరీ చాలకపోతే ఏమవుతుంది' అని ఎవరైనా అడిగితే, నిన్ను పరీక్షిస్తున్నారని అనుకోకు.

పేరున్నవాళ్లకైనా ఇదే వరస. మెర్జ్ ఆజ్ఞను (ఉన్న వరుసలను మార్చి, లేనివి చేర్చేది) 11వ వెర్షన్ కోసం 2018 ఏప్రిల్‌లో కమిట్ చేశారు, అంటే అసలు కోడ్‌లో కలిపారు, అభ్యంతరాలు వచ్చి అదే నెలలో వెనక్కి తీసుకున్నారు. అది ప్రజల చేతికి వచ్చింది 2022లో, 15తో. ఆ ప్యాచ్ రాసినవాళ్లు కొత్తవాళ్లేం కాదు. 2025 సెప్టెంబర్‌లో 18తో వచ్చిన అసింక్రనస్ ఐఓ (డిస్కు జవాబు కోసం ఆగకుండా పని సాగించడం) వెనక కూడా ఏళ్ల పని ఉంది. దాన్ని చిన్న చిన్న కమిట్లుగా విడగొట్టి, ఒక్కొక్కటీ దానంతటది అర్థమయ్యేలా పేర్చిన తీరు చూడు. నీ ప్యాచ్ రెండు వేల లైన్లు ఒకే ముద్దగా ఉంది. అంత పెద్దది విప్పి చూసే తీరిక ఎవరికీ ఉండదు. పనిలో పనిగా పాత ఫంక్షన్ల పేర్లు కూడా మార్చావు, అవి తీసెయ్. పేర్ల సర్దుబాటు నిజంగా అవసరమైతే అది వేరే ప్యాచ్.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి అంటావు. ఇంకొకరి ప్యాచ్ రివ్యూ చేయడంతో. ప్యాచ్ పెట్టినవాళ్లు దాదాపు అంతే బరువున్న మరో ప్యాచ్‌ను చూసిపెట్టాలన్నది అక్కడి ఆనవాయితీ. ఏటా ఐదు కమిట్‌ఫెస్టులు (ప్యాచ్‌లను సమీక్షించే విడతలు) జరుగుతాయి: జూలై, సెప్టెంబర్, నవంబర్, జనవరి, మార్చి. జాబితాలో 'నీడ్స్ రివ్యూ' అని ఉన్నవాటిలో నీకు అర్థమయ్యేది ఒకటి తీసుకో. ప్యాచ్ అతుక్కుంటోందా, టెస్టులు గట్టెక్కుతున్నాయా, డాక్యుమెంటేషన్‌లో చెప్పినదీ కోడ్ చేసేదీ ఒకటేనా, ఖాళీ టేబుల్ ఇస్తే, నల్ (విలువ లేనిది) ఇస్తే, రెండు సెషన్లు ఒకేసారి తగులుకుంటే ఏమవుతోంది, ఇవి చూడ్డానికి మహా పండితురాలివి కానక్కర్లేదు. ఇలా రెండు మూడు చేసేసరికి నీ పేరు వాళ్లకు తెలుస్తుంది, వాళ్లు వేటిని పట్టుకుంటారో నీకు తెలుస్తుంది. వికీలో టూడూ జాబితా ఉంది కదా అని అందులోంచి ఒకటి ఏరుకోకు. అక్కడ ఏళ్లుగా మిగిలిపోయినవన్నీ చేయడం కష్టమయ్యో, ఒప్పుదల కుదరకో మిగిలినవే.

కాలం కూడా చూసుకో. ఏప్రిల్ మొదట్లో కొత్త ఫీచర్లకు తలుపు మూసేస్తారు. పెద్ద ప్యాచ్‌ను మొదటిసారిగా మార్చిలో పెడితే ముఖాన ఏమీ అనరు గానీ, ఎవరూ ముట్టుకోరు. జూలైలో పెట్టు, మాట్లాడుకోవడానికి ఏప్రిల్ దాకా సమయం ఉంటుంది.

కొలతల విషయంలో గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. నువ్వు చూపించిన అంకెలు క్యాసర్ట్ (కోడ్ లోపలి తనిఖీలు) ఆన్‌లో ఉన్న బిల్డ్ మీద తీసినవి. ఆ బిల్డ్ తప్పులు పట్టడానికి, వేగం కొలవడానికి కాదు. టెస్టులు దాని మీద నడుపు, వేగం కొలిచే పీజీబెంచ్ మాత్రం మామూలు ఆప్టిమైజ్ చేసిన బిల్డ్ మీద, చాలాసార్లు నడిపి మధ్య విలువ చెప్పు. మెషీన్ ఏమిటో, షేర్డ్ బఫర్స్ (డేటాకు కేటాయించిన మెమరీ) ఎంతో రాయి. అన్నిటికన్నా ముఖ్యం, నీ మార్పుతో ఏ లాభమూ లేని క్వెరీలు ఎంత నెమ్మదిస్తాయో నువ్వే ముందు కొలిచి చెప్పు. ప్లానింగ్‌లో నువ్వు చేర్చే ప్రతి లెక్కకూ ఒక్క వరుస తెచ్చే చిన్న క్వెరీ కూడా మూల్యం కడుతుంది. కొలతలు చూడగానే వాళ్లు అడిగేది అదే.

ఇక చిల్లర సంగతులు. ఇండెంటేషన్ (కోడ్ లైన్ల సర్దుబాటు) పీజీ ఇండెంట్ అనే పరికరం చూసుకుంటుంది. కొత్త ఓఐడీ (డేటాబేస్ లోపలి వస్తువులకిచ్చే గుర్తింపు సంఖ్య) కావలసి వస్తే అన్‌యూజ్డ్ ఓఐడీస్ స్క్రిప్ట్ నడిపి 8000 నుంచి 9999 మధ్యలో తీసుకో. క్యాటలాగ్ (డేటాబేస్ లోపలి పట్టికల) వెర్షన్ నంబరు నువ్వు మార్చకు, కమిటర్ (ప్యాచ్‌ను కోడ్‌లో కలిపే అధికారమున్నవాడు) మారుస్తాడు. సోర్స్‌లో ప్లానర్, బీట్రీ (ఒక రకం ఇండెక్స్), బఫర్ ఫోల్డర్లలో రీడ్‌మీ ఫైళ్లున్నాయి. ఏ పుస్తకమూ అంత బాగా చెప్పదు, ముందు ఆప్టిమైజర్‌ది, అంటే ప్లానర్‌ది చదువు. ప్యాచ్ కమిట్‌ఫెస్ట్‌లో చేర్చగానే సీఎఫ్‌బాట్ అనే ప్రోగ్రామ్ దాన్ని రకరకాల సిస్టమ్‌ల మీద నడిపి చూస్తుంది. విండోస్‌లో ఎరుపు (టెస్టు తప్పిందన్న గుర్తు) కనిపిస్తే ఎవరో చెప్పేదాకా ఆగకు. మీ కంపెనీ ఒప్పందంలో నువ్వు రాసే కోడ్ హక్కుల గురించి ఏముందో కూడా హెచ్‌ఆర్‌ను అడిగి రాతపూర్వకంగా తీసుకో. ఈ పని అందరూ చివరికి వాయిదా వేస్తారు.

వాళ్ల ఈమెయిల్ చర్చల్లో ఉత్తరాల మర్యాద మనదానికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. 'రెస్పెక్టెడ్ సార్' అని మొదలుపెట్టకు. పాతికేళ్లకు పైబడి ఆ కోడ్‌ను మోస్తున్న టామ్ లేన్‌ను కూడా అందరూ టామ్ అనే పిలుస్తారు. (నాకు ఇప్పటికీ చెయ్యి రాదు, అది వేరే సంగతి.) జవాబు రాసేటప్పుడు అవతలివాళ్ల వాక్యం కింద నీ మాట రాయి, మొత్తం ఉత్తరం పైన అతికించకు. ప్యాచ్‌ను అటాచ్ చెయ్యి, మార్చిన ప్రతిసారీ వీ2, వీ3 అని నంబరు పెట్టు, ఏం మార్చావో ఒక్కో అభ్యంతరానికీ జవాబుగా చెప్పు. ఎవరైనా 'మైనస్ వన్' (నాకు సమ్మతం కాదు) అని రాస్తే ఓట్లు లెక్కపెట్టుకోకు, దాని కింద రాసిన కారణం చూడు. అక్కడ నిర్ణయం ఓట్లతో జరగదు. కారణం తప్పనిపిస్తే ఉదాహరణతో చెప్పు. గౌరవం కోసం ఒప్పేసుకోవడం కూడా తప్పే, ఒప్పుకున్నావని వాళ్లు నిజంగానే అనుకుంటారు!

జవాబే రాకపోతే? అది చాలా మామూలు. కమిటర్లు ముప్పై మంది చిల్లర, వచ్చే ప్యాచ్‌లు వందలు. రెండు మూడు వారాలు ఆగి, తాజా కోడ్ మీద రీబేస్ చేసి (దానికి సరిపడేలా సరిదిద్ది), ఒక్క కొత్త విషయం జోడించి మళ్లీ పంపు. 'ఎనీ అప్‌డేట్?' అని ఒట్టి ప్రశ్న పంపకు. 'రిటర్న్‌డ్ విత్ ఫీడ్‌బ్యాక్' అని జాబితాలోంచి తీసేసినా అది తిరస్కారం కాదు, సరిచేసుకుని వచ్చే విడతలో పెట్టుకోవచ్చు.

చివరగా, మన భాషకు పనికొచ్చేది ఏదైనా ఉందా అని అడిగావు. ఉంది. తెలుగు అక్షరక్రమంలో పేర్లు పేర్చడానికి ఐసీయూ కొలేషన్ (అక్షరక్రమ నియమాల కట్ట) ఇప్పటికే ఉంది. ఫుల్ టెక్స్ట్ సెర్చ్‌లోనే (రాతలో పదాలు వెతకడంలోనే) మనం లేం. 18లో చూడు, తమిళం, హిందీ, నేపాలీ భాషలకు స్టెమర్లు (పదం నుంచి మూలరూపం తీసేవి) ఉన్నాయి, తెలుగుకు లేదు. అందుకే 'రైతు' అని వెతికితే 'రైతులకు', 'రైతుల్లో' ఉన్న వరుసలు రావు. కానీ దీనికి ప్యాచ్ పోస్ట్‌గ్రెస్‌కు పంపితే తిప్పి పంపుతారు. ఆ స్టెమర్లు స్నోబాల్ అనే వేరే ప్రాజెక్టు నుంచి వస్తాయి, పోస్ట్‌గ్రెస్ వాళ్లు అక్కడి కోడ్‌ను అప్పుడప్పుడూ తెచ్చి కలుపుకుంటారు. కనుక తెలుగు సూత్రాలు ముందు అక్కడ ఒప్పుకోవాలి, పరీక్షకు పదాల జాబితాతో సహా. ప్రత్యయాలు ఒకదాని మీద ఒకటి పేరుకునే భాష మనది, సంధులు వేరే. తేలిక పని కాదు. మొదలుపెడితే చెప్పు, విభక్తుల పట్టిక, బహువచనాల మినహాయింపులు నేను రాసి పెడతాను. ముందుగా మాత్రం ఆ జాయిన్ స్క్రిప్ట్ తయారుచేసి నాకు పంపు. నా పాత లాప్‌టాప్‌లో 17, 18 రెండిటి మీదా నడిపి చూస్తాను.

ఇట్లు,
మీ బాబాయి