మేనల్లుడికి, ఎస్‌ఎంపీఎస్ కొనే ముందు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు చూశాను. ప్రాసెసర్ రైజెన్ 5 7600, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, అన్నీ మోడల్ నంబర్లతో సహా రాశావు. వీటన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "కేబినెట్‌తో వచ్చేది, 500 వాట్స్" అని వదిలేశావు. ఫోన్లో చెబితే సగం చెవిన పడదు, అందుకే రాస్తున్నాను. షాపులో నిలబడి కూడా చదువుకోవచ్చు.

ముందు ఆ 500 సంగతి తేల్చుకుందాం. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని ఎస్‌ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి ఇస్తుంది. ఒకప్పుడు ప్రాసెసరుకి కరెంటు 5 వోల్టుల లైను నుంచి వెళ్ళేది. పెంటియం 4 రోజుల నుంచి అది 12 వోల్టులకి మారింది. ఇవాళ ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ రెండూ ఆధారపడేది 12 వోల్టుల మీదే. 5, 3.3 వోల్టుల లైన్ల మీద మిగిలింది చిల్లర లోడు. అందుకని అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న అంకె చూడకు. ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించిన లేబుల్‌లో చిన్న పట్టిక ఉంటుంది, ప్లస్ 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడు. దాన్ని 12తో గుణించు. అక్కడ 18 అని ఉంటే 216 వాట్లు, అంతే. మిగతాదంతా నీకు అక్కర్లేని లైన్ల లెక్క కలిపి 500 చేసి ఉంటారు, ఒక్కోసారి అదీ ఉండదు. సరైన 550 వాట్ల దాని మీద 12 వోల్టులకి 45 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే 540 వాట్లు. కొన్నిటి మీద 12వి1, 12వి2 అని రెండు గడులు కనిపిస్తాయి. ఆ రెండూ కూడేయకు, వాటి కింద కలిపి గరిష్ఠంగా ఎంతో వేరే రాస్తారు, అదే లెక్క.

లేబుల్ మీద రాసినంతా నిజమేనా అంటావు. కేబినెట్‌తో ఉచితంగా వచ్చే వాటి లేబుల్‌ని నేను నమ్మను. చేత్తో ఎత్తి చూస్తేనే తెలిసిపోతుంది, లోపల ఉండాల్సిన కాయిల్సూ, ఫిల్టరూ, ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే సర్క్యూట్లూ ఉంటే అంత తేలిగ్గా ఉండదు. ఆఫీసు పని చేసుకునే, గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కి అది ఏళ్ళ తరబడి నడవచ్చు. నీ లిస్టుకి పనికిరాదు. ఆ కేబినెట్ నచ్చితే ఎస్‌ఎంపీఎస్ లేకుండా ఇమ్మని అడుగు, ధర తగ్గించి ఇస్తారు.

ఇక ఎన్ని వాట్లు కావాలో చూద్దాం. నీ ప్రాసెసర్ మీద 65 వాట్లని రాసి ఉంటుంది గానీ గట్టిగా పని చేసేటప్పుడు 88 దాకా లాగుతుంది. కార్డు 180. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి 60 వేసుకో. మొత్తం 330 లోపే. మరి కార్డు కంపెనీవాళ్ళు 600 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కావాలని ఎందుకు రాస్తారంటే, కొనేవాళ్ళు ఏ రకం ఎస్‌ఎంపీఎస్ పెడతారో, ఎంత పెద్ద ప్రాసెసర్ పెడతారో వాళ్ళకి తెలియదు కనక. ఇంకో కారణం కూడా ఉంది. కార్డు సగటున 180 లాగినా, సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ సేపు దానికి చాలా పైకి ఎగిరి దిగుతుంటుంది. ఎస్‌ఎంపీఎస్‌ల తయారీకి 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ప్రకారం తయారైనవి ఇలాంటి గంతుల్ని, తమ రేటింగుకి రెట్టింపు దాకా, క్షణకాలం ఓర్చుకోవాలి. 2023లో 3.1 వచ్చింది. పెట్టె మీద ఈ రెండిట్లో ఏదున్నా సరే. నీకు 550 సరిపోతుంది. నేనైతే 650 తీసుకుంటాను, ఎందుకో కింద చెబుతాను. షాపులో మాత్రం "850 తీసుకోండి సార్, ఫ్యూచర్‌కి పనికొస్తుంది" అంటారు. ఆ డబ్బు మిగుల్చుకో.

ఇప్పటిదాకా చెప్పింది ఎవరైనా చెబుతారు. నాకు అసలు పట్టింపు ఉన్నది మీ ఇంటి కరెంటు గురించి. నరసరావుపేట దాటి మీ ఊరు వెళ్ళేసరికి లైను ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. బోర్లన్నీ ఒక్కసారి ఆన్ అయ్యే వేళకి ట్యూబులైటు కొట్టుకుంటుంది. కాబట్టి లేబుల్‌లో రెండో గడి చూడు, ఇన్‌పుట్ అని ఉంటుంది. కొన్నిటి మీద 200–240 అని ఉంటుంది, కొన్నిటి మీద 100–240. నువ్వు రెండో రకమే కొనాలి. అప్పుడు లైను 160కి పడిపోయినా కంప్యూటర్ పట్టించుకోదు, స్టెబిలైజర్ కూడా అక్కర్లేదు. మొదటి రకం అలాంటి సాయంత్రం పూట ఆగి మళ్ళీ మొదలవుతుంటుంది, నువ్వేమో ర్యామ్ పాడైందనుకుని వెతుక్కుంటూ ఉంటావు. 100–240 అని ఉన్న వాటిలో యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్) అనే సర్క్యూట్ ఉంటుంది. పేరు గుర్తు పెట్టుకో, మళ్ళీ ఇన్వర్టర్ దగ్గర పనిపడుతుంది.

ఇన్వర్టర్ అంటే గుర్తొచ్చింది, కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుందని మీ పాత దాని గురించి మీ అమ్మ చెప్పింది. ఇందులో ఎస్‌ఎంపీఎస్, ఇన్వర్టర్ రెండిటి పాత్రా ఉంది. ఎస్‌ఎంపీఎస్ లోపల 400 వోల్టుల పెద్ద కెపాసిటర్ ఒకటి ఉంటుంది. మోటారు ఆగిపోయినా మేడ మీద ట్యాంకులో ఉన్న నీళ్ళు కాసేపు వచ్చినట్టు, కరెంటు పోయాక అందులో నిల్వ ఉన్నది కాసేపు నడిపిస్తుంది. ఆ కాసేపు ఎంతంటే, నిండు లోడు మీద 16, 17 మిల్లీసెకన్లు, ఏటీఎక్స్ 3.1లో దాన్ని 12కి తగ్గించారు. ఈలోగా ఇన్వర్టర్ అందుకోవాలి. చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో మారడానికి 30, 40 మిల్లీసెకన్లు పట్టొచ్చు. ఫ్యానుకీ లైటుకీ అది లెక్కలోది కాదు, కంప్యూటర్‌కి మాత్రం చావుదెబ్బ. వెళ్ళి ఆ స్విచ్ యూపీఎస్ వైపు తిప్పు. అలా తిప్పితే లైను కొంచెం దిగగానే బ్యాటరీ మీదికి వెళ్ళిపోతుంటుంది, బ్యాటరీ అరుగుదల ఎక్కువ. మీ నాన్నకి ముందే చెప్పి తిప్పు.

650 ఎందుకన్నానో ఇక్కడ తెలుస్తుంది. ఆ కెపాసిటర్‌లో నిల్వ అంతే, లాగేది సగమైతే రెట్టింపు సేపు వస్తుంది. 650 వాట్ల దాని మీద 330 లోడు పెడితే ఆ 12 మిల్లీసెకన్లు కాస్తా ఇరవై దాటుతుంది. పెద్దది కొనడంలో నాకు కనిపించిన నిజమైన లాభం ఇదొక్కటే.

ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ అయితే, అంటే లైను కరెంటులాగే నున్నటి అల ఇచ్చే రకమైతే, ఇబ్బంది లేదు. పాత స్క్వేర్ వేవ్ రకమైతే యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న ఎస్‌ఎంపీఎస్ దాని మీద గుయ్యిమని మోగుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. అప్పుడు తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది కాదు. విడిగా చిన్న యూపీఎస్ కొంటానంటే 600 వీఏ అని రాసి ఉన్నది ఇచ్చేది 360 వాట్లే. గేమ్ ఆడుతుండగా నీ కంప్యూటర్ గోడ నుంచి లాగేది, ఎస్‌ఎంపీఎస్‌లో వేడిగా పోయేది కలుపుకుని, 370 దాటుతుంది, మానిటర్ అదనం. 1000 వీఏకి తక్కువ తీసుకోకు.

ఎర్తింగ్ గురించి కాస్త ఓపిగ్గా చదువు. పాత కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుందని, టెస్టర్ పెడితే వెలుగుతుందని అన్నావు కదా. షాపుకి తీసుకెళ్తే ఎస్‌ఎంపీఎస్ మార్చమంటారు, మార్చినా మళ్ళీ అదే. మంచి ఎస్‌ఎంపీఎస్ అన్నిట్లోనూ ఫేజు నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి, రేడియో గోల బయటికి పోకుండా. ఎర్త్ ఉంటే ఆ కొంచెం లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే ఇనప బాడీ అంతా సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కనక జివ్వుమని వదిలేస్తుంది, కానీ ఆన్‌లో ఉండగా టీవీ హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టావంటే పోర్టు కాలిపోవచ్చు. చవక రకంలో ఫిల్టరే ఉండదు కాబట్టి షాకూ ఉండదు. అది చూసి "కొత్తది షాక్ కొడుతోంది, పాతదే నయం" అనేవాళ్ళని చూశాను.

కాబట్టి ఎస్‌ఎంపీఎస్ కొనకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు. మల్టీమీటర్‌తో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య చూస్తే 230కి దగ్గరగా రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఎర్త్ గుంట ఎండిపోయి ఉంటే నీళ్ళు పోయించు, లేనే లేకపోతే కొత్తది తీయించాలి. కొందరు పని తేలిగ్గా అవుతుందని సాకెట్ వెనక న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ ఒక ముక్క వైరుతో కలిపేస్తారు. ఒప్పుకోకు. ఎక్కడో న్యూట్రల్ తెగితే కేబినెట్ మీదికి మొత్తం 230 వస్తుంది, అప్పుడు జివ్వుమనడంతో ఆగదు. రెండు పిన్నుల అడాప్టర్లూ, ఎర్త్ పిన్ను విరిచేసిన ప్లగ్గులూ కూడా వద్దు. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకు, దాంతోపాటు నెట్ కేబుల్ కూడా. ఇంటి సర్జ్ ప్రొటెక్టర్లు పిడుగుని ఆపలేవు.

ఇక 80 ప్లస్ గుర్తు. 2004లో మొదలైన పరీక్ష అది. బ్రాంజ్, గోల్డ్ అంటే గోడ నుంచి లాగిన దాంట్లో ఎంత వృథా అవుతుందో చెబుతాయి తప్ప, వోల్టేజి ఎంత నిలకడగా ఉంటుందో, రక్షణ సర్క్యూట్లు పనిచేస్తాయో లేదో చెప్పవు. పైగా ఆ పరీక్ష 23 డిగ్రీల గదిలో చేస్తారు, మే నెలలో పల్నాడులో మీ గది సంగతి వేరు. గోల్డ్ కొంటే కరెంటు బిల్లు తగ్గుతుందంటారు, లెక్క వేసి చూడు. 300 వాట్ల లోడుకి 85 శాతం సామర్థ్యమైతే 353 లాగుతుంది, 90 అయితే 333. తేడా 20 వాట్లు. రోజుకి నాలుగు గంటలు ఆడితే నెలకి రెండున్నర యూనిట్లు కూడా రాదు. కాబట్టి బిల్లు కోసం గోల్డ్ కొనకు. వేడి తక్కువ, ఫ్యాను చప్పుడు తక్కువ, సాధారణంగా లోపలి సరుకు కూడా కాస్త మెరుగు, వాటి కోసమైతే కొనుక్కో. మంచి బ్రాంజ్ నీకు చాలు. గుర్తులో 80 కాకుండా ఏదో "85 ప్లస్" లాంటిది కనిపిస్తే అది స్టిక్కరే, సర్టిఫికెట్ కాదు. లేబుల్ మీద ఎన్ని డిగ్రీల వేడిలో పూర్తి వాట్లు ఇస్తుందో రాసి ఉంటే 40 కన్నా 50 ఉన్నది ఎంచుకో.

బ్రాండ్ అడుగుతావు. కోర్సేర్, కూలర్ మాస్టర్, డీప్‌కూల్, ఎంఎస్ఐ, యాంటెక్, సీసానిక్ అన్నీ మన దగ్గర దొరుకుతాయి. కానీ ఒకే బ్రాండులో మంచి సిరీస్ ఉంటుంది, నాసి సిరీస్ ఉంటుంది. చాలామంది సొంతంగా తయారుచేయరు కూడా, ఇంకొకరి చేత చేయించి పేరు వేసుకుంటారు. అందుకని నేను వారంటీ చూస్తాను. ఐదేళ్ళు ఇచ్చినవాడికి తన సరుకు మీద కొంత నమ్మకం ఉన్నట్టే. ఒకటి రెండేళ్ళతో సరిపెట్టేవి వదిలేయ్. సెకండ్ హ్యాండ్ మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దు. లోపలి కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి, పది డిగ్రీలు వేడి పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుంది. అది ఎక్కడ, ఎంత వేడిలో నడిచిందో బయటికి కనిపించదు.

బిగించేటప్పుడు రెండు మూడు విషయాలు. ప్రాసెసర్‌కి వెళ్ళే ఎనిమిది పిన్నుల వైరూ, కార్డుకి వెళ్ళే ఎనిమిది పిన్నుల వైరూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. కనెక్టర్ మీద రాసింది చదివి పెట్టు, బలవంతంగా దూర్చకు. కేబుళ్ళు ఊడదీసి పెట్టుకునే మాడ్యులర్ రకం తీసుకుంటే పెట్టెలో వచ్చిన కేబుళ్ళే వాడు. స్నేహితుడి దగ్గర ఉన్న వేరే మోడల్ కేబుల్ సరిగ్గా దూరినా లోపల వైర్ల వరస వేరుగా ఉండొచ్చు, ఆన్ చేసిన మరుక్షణం డిస్కులు పోతాయి. కేబినెట్ అడుగున జాలీ ఉంటే ఫ్యాను కిందికి, లేకపోతే పైకి. పాడైతే విప్పకు, ప్లగ్గు తీశాక కూడా ఆ పెద్ద కెపాసిటర్‌లో చార్జ్ ఉంటుంది. వారంటీకి పంపెయ్.

సికింద్రాబాద్ వచ్చి పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొంటానన్నావు, మంచిదే. ఒక్క షాపులో ఆగకు, నాలుగు చోట్ల ధర అడుగు. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకో, లేకపోతే ఐదేళ్ళ వారంటీ కాగితం మీదే ఉంటుంది. డబ్బు కట్టేముందు లేబుల్ ఫొటో ఒకటి తీసి నాకు పంపు, ఇన్‌పుట్ గడీ 12 వోల్టుల గడీ రెండూ స్పష్టంగా కనిపించేట్టు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఫోన్ చేయకు, నిద్రపోతుంటాను.

ఇట్లు,
మామయ్య