ముందు కాగితాలు, తర్వాత బ్యాగు

చిరంజీవి అల్లుడికి,

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ ఒకాయన నీకు మెసేజ్ పెట్టాడని అక్క ఫోన్‌లో చెప్పింది. ఇంట్లో అప్పుడే సూట్‌కేసులు కొనే మాట కూడా నడుస్తోందట! ఇక్కడ అమెరికాలో ఒక యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసులో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను కదా. ఎవడు ఎంత ఎత్తు ఎగిరాడో నాకు తెలీదు గానీ, ఎవడి కాగితాలు ఎక్కడ ఇరుక్కున్నాయో మాత్రం బాగా తెలుసు.

నువ్వు ప్రో లీగ్‌లో ఆడి డబ్బు తీసుకున్నావు. ఆ సంగతి చెబితే అవకాశం పోతుందని భయపడుతున్నావట. దాచకు. 2010లో టర్కీ కుర్రాడు ఎనెస్ కాంటర్ కెంటకీ యూనివర్సిటీలో చేరాడు. ఫెనర్‌బాచే క్లబ్ నుంచి ఖర్చులకు మించి 33,033 డాలర్లు తీసుకున్నాడని లెక్క తేల్చి, ఇక్కడ కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ వాళ్లు అతన్ని ఒక్క మ్యాచ్ కూడా ఆడనివ్వలేదు. ఇప్పుడు గాలి మారింది. 2025 డిసెంబర్లో జేమ్స్ నాజీ బేలర్ యూనివర్సిటీలో చేరాడు. బార్సిలోనాకు ఆడినవాడు, పైగా 2023లోనే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే అక్కడి ప్రో జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునేచోట, 31వ పిక్. ఎన్‌బీఏ కాంట్రాక్టు మీద మాత్రం సంతకం పెట్టలేదు. అతనికి అదే కలిసొచ్చింది. చాలామంది కోచ్‌లు గోల చేశారనుకో, అది వేరే కథ.

కాబట్టి డబ్బు తీసుకోవడం ఒక్కటే నిన్ను ఆపదు. లెక్క సరిగ్గా లేకపోతేనే చిక్కు. మా దగ్గరికి యూరప్ నుంచి ఒక పొడుగాటి అబ్బాయి వచ్చాడు. క్లబ్ ఇచ్చిందేమో ఒకటి, ఫారంలో రాసిందేమో ఇంకొకటి. సీజన్ మొదలైన ఆరు వారాలదాకా సూట్ వేసుకుని బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టాడు. పాపం, చివరికి చూస్తే తేడా అంతా హాస్టల్ అద్దె దగ్గరే! నీకు వచ్చిన ప్రతి రూపాయీ, హోటల్ బిల్లూ, షూ డబ్బులూ బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సహా ఒక ఫైల్లో పెట్టు. ఏజెంటుతో ఏమైనా సంతకం చేశావా? అదీ పెట్టు.

మనవాళ్లెవరికీ తట్టని సంగతి ఇంకొకటుంది. నువ్వు డిగ్రీలో చేరావు కదా, కాలేజీకి వెళ్లినా వెళ్లకపోయినా. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం డివిజన్ వన్‌లో, అంటే కాలేజీ ఆటల పైస్థాయిలో, నాలుగు సీజన్లు ఆడటానికి ఐదేళ్ల గడువు ఉండేది. ప్రపంచంలో ఏ కాలేజీలో ఫుల్‌టైం చేరినా ఆ గడియారం నడవడం మొదలైపోయేది. 'ఊరికే పేరుకి చేరాను' అంటే కుదిరేది కాదు. ఇంటర్ అయ్యాక ఏడాది దాటి బయట పోటీల్లో ఆడితే సీజన్లు కోసేయడం కూడా ఉండేది. ఈ రూల్స్ ఈమధ్య తరచుగా మారుతున్నాయి. అందుకే కోచ్ ఫోన్‌లో 'నో ప్రాబ్లమ్' అంటే లెక్కలోకి తీసుకోకు. రూల్స్ చూసుకునే కాలేజీ కంప్లయన్స్ ఆఫీసుకి ఈమెయిల్ రాసి, నీకు ఎన్ని సీజన్లు మిగిలాయో రాతపూర్వకంగా తెప్పించుకో. తొమ్మిదో తరగతి నుంచి మార్కుల మెమోలన్నీ ఒరిజినల్స్ బయటికి తియ్యి. కోర్ సబ్జెక్టుల్లో నాలుగుకి 2.3 జీపీఏ (మార్కుల సగటు) ఉండాలి.

ఇక డబ్బు. 2025-26 నుంచి కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చు, ఆ మొదటి ఏడాది అన్ని ఆటలకూ కలిపి ఒక్కో కాలేజీకి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. అక్క ఈ అంకె చూసే మురిసిపోతోంది. పెద్ద కాలేజీల్లో అందులో ఎక్కువ భాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కే పోతుంది. చిన్నవాటిలో చాలా వాటికి అంత స్తోమతే లేదు. పైగా నీకు వచ్చేది విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా. క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని వరకే సులువు, బయట ప్రకటనల్లో నటించి సంపాదిస్తే వీసాకే ముప్పు. కాంగో నుంచి వచ్చిన ఆస్కార్ షీబ్వే 2022లో ఏం చేశాడో తెలుసా? కెంటకీ జట్టు బహామాస్ వెళ్లినప్పుడు, అమెరికా గడ్డ దాటాక అక్కడ ఆ ప్రకటనల పనులు చేసుకున్నాడు. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా నువ్వు పైసా ముట్టుకోకు.

రియల్ మాడ్రిడ్ నుంచి బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ (బీవైయూ)కి వచ్చిన ఎగోర్ డేమిన్ ఒక్క ఏడాదిలోనే 2025 డ్రాఫ్ట్‌లో 8వ పిక్ అయ్యాడు. అతన్ని చూసి నీ కథ లెక్కేసుకోకు. పెద్ద పేరున్న కాలేజీలో పదిహేనో వాడివి అవడం కంటే, ఇరవై నిమిషాలు ఆడించే చిన్న కాలేజీ మేలంటాను. నిన్ను పిలిచిన కోచ్ వచ్చే ఏడాది అక్కడే ఉంటాడన్న గ్యారంటీ లేదు. కాలేజీ మారాలనుకునేవాళ్లు పేరిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక ఆటగాళ్లూ అంతే, బస్టాండ్‌లో జనంలా మారిపోతున్నారు. ఆట గురించి నీకు నేను చెప్పేదేముంది? షాట్ క్లాక్ 24 కాదు, 30 సెకన్లు. నాలుగు క్వార్టర్లు కాదు, రెండు హాఫ్‌లు. అది వారంలో అలవాటవుతుంది.

ఈలోగా క్లబ్ వాళ్లు వచ్చే సీజన్‌కి కాగితం ఇస్తే సంతకం పెట్టకు, మర్యాదగా టైం అడుగు. ఆదివారంలోపు పాత కాంట్రాక్టు పేజీలన్నీ ఫొటోలు తీసి నాకు వాట్సాప్ చెయ్యి. వెనకవైపు ఏమైనా రాసి ఉంటే అదీ.

మీ మామయ్య