చిన్నోడా, ఆ బీపీ బిళ్ళ సంగతి

ఒరేయ్ చిన్నోడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆఫీసులో చేయించిన చెకప్‌లో నీకు బీపీ 152/98 వచ్చిందంట, మూడు నెలల యావరేజ్ షుగర్ 6.0 వచ్చిందంట, డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చి ఆ రాత్రే కూర్చుని కాగితం మీద రాసుకున్నావంట, సోమవారం నుంచి అన్నం బంద్, తెల్లారి 5 గంటలకి పరుగు, సాయంత్రం జిమ్ము, స్వీట్లు బంద్, శుక్రవారం పార్టీలు బంద్ అని. 32 ఏళ్ళకే ఎవరూ తిట్టకుండా, ఎవరూ ఏడవకుండా, నీ అంతట నువ్వే అనుకున్నావు చూడు, నాకు నిజంగా గర్వంగా అనిపించిందిరా. మన ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ మంచం ఎక్కకముందు మారలేదు.

కానీ మీ అమ్మ చివర్లో ఒక మాట చెప్పింది, దాంతో నాకు రాత్రంతా నిద్ర లేదు. డాక్టర్ రాసిచ్చిన బీపీ బిళ్ళ నువ్వు కొననే లేదంట. "మొదలెడితే జీవితాంతం వాడాలి కదమ్మా, నేను అలవాట్లతోనే తగ్గించుకుంటా" అన్నావంట. ఆ మాట నాకు కొత్త కాదు. దాని దగ్గరికి వస్తాను, ముందు మిగతావి చెప్పేస్తా, లేకపోతే అవి మర్చిపోతా.

అన్నం పూర్తిగా మానకు. నువ్వు మానలేవు, మూడో వారం రాత్రి 11 గంటలకి బిర్యానీ ఆర్డర్ పెడతావు. చిన్నప్పుడు జ్వరం వచ్చినా పెరుగన్నం పెట్టకపోతే ఇల్లు పీకి పందిరేసేవాడివి, నీ సంగతి నాకు తెలీదా. ఇప్పుడు తినే అన్నంలో సగం తగ్గించు, ఆ సగం చోట కూర పెట్టుకో. కూర అంటే బంగాళదుంప వేపుడు కాదు, దొండకాయో బీరకాయో ఆకుకూర పప్పో. ముందు కూర, పప్పు నాలుగు ముద్దలు కడుపులో పడ్డాక అన్నం కలుపుకో, షుగర్ ఒక్కసారిగా ఎగరదు. రాత్రి తిన్నాక సోఫాలో పడకుండా నువ్వూ కోడలు పిల్లా కలిసి 15 నిమిషాలు అలా నడిచి రండి. టీలో చక్కెర, రోజుకి నాలుగు టీలు రెండేసి చెంచాలంటే ఎనిమిది చెంచాలు, దగ్గర దగ్గర 35, 40 గ్రాములు, అది ఒక్కటి ఆపినా సగం స్వీట్లు మానినట్టే. 6.0 అంటే షుగర్ జబ్బు ఇంకా రాలేదు, గుమ్మం దగ్గర నిలబడింది అని. 5.7 వస్తే గుమ్మం, 6.5 వస్తే ఇంట్లోకి వచ్చేసినట్టు. గుమ్మంలో ఉన్నప్పుడు వెనక్కి పంపించొచ్చు, చాలామంది పంపించారు, బరువులో ఐదారు కిలోలు తగ్గినా చాలా తేడా ఉంటుంది.

సిగరెట్ గురించి నేను మాట్లాడను, మీ అమ్మకి తెలీదు, నాకు తెలుసు. ఆపెయ్.

పరుగు విషయంలో మాత్రం తొందర పడకు. ఆరేళ్ళుగా కుర్చీలోంచి లేవని మనిషివి ఒక్కసారిగా సోమవారం పొద్దున ఐదు కిలోమీటర్లు పరిగెత్తితే మోకాళ్ళు పట్టేస్తాయి, మంగళవారం మానేస్తావు. ముందు రోజుకి అరగంట గబగబా నడువు, వారానికి ఐదు రోజులు, అంటే 150 నిమిషాలు, డాక్టర్లందరూ చెప్పేది అంతే. పెద్ద బరువులు ఎత్తే ముందు బీపీ ఎంతుందో ఆ జిమ్ము అబ్బాయికి కాదు, డాక్టర్‌కి చెప్పి అడుగు, ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకు. ఇంకోటి, ఒళ్ళు నొప్పులని మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు కొని మింగుతావేమో, అవి రోజూ వాడితే బీపీ పెంచుతాయి, కిడ్నీల మీద పడతాయి. బీపీ బిళ్ళకి భయపడేవాళ్ళు ఈ బిళ్ళలకి మాత్రం భయపడరు, అదేంటో నాకు అర్థం కాదు.

సరే, ఇప్పుడు చెప్తా.

మీ పెద్దనాన్నకి 2008లో బీపీ ఉన్నట్టు తెలిసింది. స్కూల్లో క్యాంపు పెడితే ఊరికే సరదాగా చేయి చాపాడు, 170/100. అప్పటికి ఆయనకి 49. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, రోజూ సైకిల్ మీద స్కూల్‌కి వెళ్లి ఆరు పీరియడ్లు నిలబడి లెక్కలు చెప్పొచ్చేవాడు. డాక్టర్ రోజుకి ఒక బిళ్ళ రాశాడు, ఉప్పు తగ్గించమన్నాడు. బిళ్ళ వేసుకున్నాడు, రెండేళ్ళు వేసుకున్నాడు, బీపీ 130/80కి వచ్చింది. ఉప్పు మాత్రం నేను తగ్గించలేదు. అప్పుడు మా ఇంట్లో మేమిద్దరం, అత్తయ్య, ముగ్గురమే, నెలకి కిలో ఉప్పు ప్యాకెట్ అయిపోయేది. ఇప్పుడు లెక్క వేస్తే ఒక్కొక్కరికి రోజుకి 11 గ్రాములు. 5 గ్రాములు దాటొద్దంటారు, అంటే ఒక చిన్న చెంచాడు, మొత్తం రోజుకి. మీ ఇంటి పక్కన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు చెప్పేదీ అదే. పైగా ఆ కిలోలో ఆవకాయకీ మాగాయకీ గోంగూరకీ వేసిన ఉప్పు లేదు, అది వేరే. అప్పడాలు, ఊరమిరపకాయలు, మజ్జిగలో మళ్ళీ చిటికెడు. తెనాలి వాళ్ళ ఇంట్లో పచ్చడి లేని భోజనం భోజనం కాదనుకునే రోజులు.

2010 ఎండాకాలంలో మా వీధి చివర ఒకావిడ నాతో అంది, బీపీ బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడితే కిడ్నీలు పాడవుతాయి, ఒళ్ళు అలవాటు పడిపోతుంది, ఇక జీవితాంతం వదలవు అని. నేను నమ్మేశానురా. ఆయన 130/80 కాగితం చూపించి "తగ్గిపోయిందిగా, ఇంకా వేసుకోవాలంటావా?" అని నన్నే అడిగాడు. బడిలో వంద మందికి లెక్కలు చెప్పే మనిషి నన్ను అడిగాడు. నేను అన్నాను, "మానేయండి, తగ్గాక ఎందుకు, జీవితాంతం వాడాలంటే ఎలా" అని. అచ్చం నువ్వన్నట్టే. ఆ అట్టలో నాలుగు బిళ్ళలు మిగిలాయి, వాటిని తీసి దేవుడి అలమారలో పెట్టాను.

అది తగ్గింది బిళ్ళ వల్ల అని నాకు తెలీలేదు. బిళ్ళ ఆపగానే లోపల మళ్ళీ పెరుగుతుందని, పెరిగినా నొప్పి ఉండదని, ఆ ఒత్తిడి మెదడులో గుండెలో కిడ్నీల్లో ఉండే సన్నటి నాళాల గోడల మీద రోజూ పడి వాటిని గట్టిపరుస్తుందని, ఇవేవీ తెలీలేదు. కిడ్నీలు పాడు చేసేది బిళ్ళ కాదు, ఆ బీపీయే, దాన్ని వదిలేస్తేనే పాడవుతాయి. ఎనిమిది నెలలు ఒక్కసారి కూడా చూపించుకోలేదు. ఎందుకు చూపిస్తాం, మనిషి బాగానే ఉన్నాడుగా.

2011 ఫిబ్రవరి, టెన్త్ పిల్లల పేపర్లు దిద్దుతూ పొద్దున ఐదున్నరకి కూర్చున్నాడు. కాఫీ ఇచ్చాను. గ్లాసు కుడి చేతిలోంచి జారిపోయింది. పేపర్ల మీద కాఫీ పడిందని నేను కసురుకున్నాను. అది ఇప్పటికీ గుర్తొస్తుంది, నేను కసురుకున్నాను. ఆయన ఏదో చెప్పబోయాడు, మాట ముద్దగా వచ్చింది, మూతి ఒక పక్కకి జారింది. చేతి మీద పడుకున్నాడు, తిమ్మిరెక్కింది అనుకుని ఆముదం వేడి చేసి రుద్దాను. అరగంట రుద్దాను. తర్వాత ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి ఏదో ఇంజెక్షన్ చేశాడు. అప్పటికి ఇంటి నిండా జనం, ఒకరు పక్షవాతానికి పసరు వేస్తారని ఒక ఊరి పేరు చెప్పారు, అక్కడికెళ్తే లేచి నడుస్తాడన్నారు. ఆటోలో పడుకోబెట్టి అక్కడికి తీసుకెళ్ళాం. లైన్లో కూర్చున్నాం. 108 అప్పటికే వచ్చి ఐదారేళ్ళయింది, మా వీధిలోనే వచ్చి వెళ్ళేది, నాకు ఆ నంబర్ నోటికొచ్చు, అయినా చేయలేదు. పసరు వేయించుకుని మళ్ళీ తిరిగి, గుంటూరు ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర.

అక్కడ డాక్టర్ ఆయన్ని ముట్టుకోకముందే నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నింటికి మొదలైంది?" ఐదున్నరకి అన్నాను. ఆ అబ్బాయి ఏమీ అనలేదు, గోడ గడియారం వైపు చూశాడు. సీటీ స్కాన్ తీశాక చెప్పాడు, మెదడు నాళంలో రక్తం గడ్డ అడ్డుపడింది, నాలుగున్నర గంటల లోపు తీసుకొస్తే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు, ఇప్పుడు ఇవ్వలేం అని. తొమ్మిది గంటలు. తెనాలి నుంచి గుంటూరు ఎంత దూరంరా, పాతిక కిలోమీటర్లు.

మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం. ఈ మూడింట్లో ఒక్కటి ఎవరిలో కనిపించినా, నీలో కానీ మీ నాన్నలో కానీ ఆఫీసులో పక్క సీటు వాడిలో కానీ, టైము చూసుకో, 108కి చెయ్, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళు. నూనె రాయకు, నీళ్ళు తాగించకు, ఎవరి మాటా వినకు.

ఆ తర్వాత ఏడేళ్ళు బతికాడు మీ పెద్దనాన్న. నడిచాడు, కర్ర పట్టుకుని. కుడి చెయ్యి మళ్ళీ లేవలేదు. మాటల్లో "అదే" ఒక్కటే మిగిలింది. మంచినీళ్ళు కావాలన్నా "అదే", కోపమొచ్చినా "అదే", నువ్వొస్తే చూసి నవ్వుతూ "అదే, అదే" అనేవాడు. నువ్వు ఎంసెట్ రాసిన ఏడాది అది, గుర్తుందా, సెలవులకి వచ్చి వరండాలో లెక్కలు చేస్తుంటే పక్కన కూర్చుని చూసేవాడు, ఎక్కడ తప్పు పోయావో ఆ లైను మీద ఎడమ చేతి వేలు పెట్టేవాడు. చెప్పలేడు, వేలు పెట్టేవాడు అంతే. నువ్వు చెరిపి మళ్ళీ చేస్తే "అదే" అనేవాడు. నీకు ర్యాంకు వచ్చిన రోజు ఆయన ఏడ్చిన ఏడుపు నీకు చెప్పలేదు ఎవరూ.

ఆయన నన్ను ఏ రోజూ ఏమీ అనలేదు, అనడానికి మాట లేదు కూడా. దేవుడి అలమారలో ఆ అట్ట ఇంకా ఉంది, నాలుగు బిళ్ళలతో.

అందుకని చెప్తున్నా. నువ్వు అన్నం తగ్గించు, నడువు, ఉప్పు తగ్గించు, అన్నీ చెయ్, అవన్నీ నిజంగా పని చేస్తాయి, కానీ బిళ్ళ వేసుకుంటూ చెయ్. బరువు తగ్గి బీపీ దిగితే డాక్టరే డోసు తగ్గిస్తాడు, ఒక్కోసారి ఆపిస్తాడు కూడా, అది ఆయన్ని అడుగు, నీ అంతట నువ్వు తేల్చుకోకు. జీవితాంతం వాడాల్సొస్తే వాడు. కళ్ళజోడు జీవితాంతం పెట్టుకోవడంలేదా, నీకు ఏడో క్లాసు నుంచి ఉంది.

ఉప్పుకి నా దగ్గర ఒక పద్ధతి ఉంది. కొత్త ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ వేయి. మీ ఇద్దరికీ రోజుకి 10 గ్రాములంటే నెలకి 300, కిలో ప్యాకెట్ మూడు నెలల పైన రావాలి. అందులో సగం మీరు బయట తినేదాన్లో ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువే రావాలి. నెలన్నరకే అయిపోతే ఎక్కడో తేడా ఉన్నట్టు. సైంధవ లవణం వాడితే పర్లేదని ఎవరైనా చెప్తే నమ్మకు, అదీ ఉప్పే.

ఇంకోటి, కోడలు పిల్ల పోయినసారి వచ్చినప్పుడు నాతో చెప్పింది, నువ్వు రాత్రిళ్ళు గట్టిగా గురక పెడతావని, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తావని. అప్పుడు నవ్వుకున్నాం, ఇప్పుడు నవ్వు రావడంలేదు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఒకటి ఉంది, దానివల్ల కూడా బీపీ పెరుగుతుంది, మందులకి సరిగా లొంగదు. డాక్టర్‌కి ఆ సంగతి తప్పకుండా చెప్పు, సిగ్గుపడకు. అమెరికా వాళ్ళ కాల్స్ అని రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని తెల్లారి 5 గంటలకి పరుగంటావు, నాలుగు గంటల నిద్రతో ఏం బాగుపడతావు నాన్నా. పరుగు సాయంత్రానికి మార్చుకో, ఏడు గంటలు పడుకో.

బీపీ మిషన్ నేను ఆర్డర్ పెట్టాను, శుక్రవారానికి మీ ఇంటికి వస్తుంది, చేతికి పట్టీ కట్టేది, మణికట్టుది కాదు. నీ చెయ్యి లావు కాబట్టి పట్టీ బిగుతుగా ఉంటే పెద్దది మార్చుకో, చిన్న పట్టీ కడితే లేని బీపీ చూపిస్తుంది. చూసే ముందు అరగంట టీ, కాఫీ, సిగరెట్ వద్దు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు ఫోన్ చూడకుండా కూర్చో, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టు, మాట్లాడకు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకో. పొద్దున, రాత్రి. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం పట్టుకెళ్ళు. ఎలా ఉందిరా ఒంట్లో అని అడిగితే బాగానే ఉంది పెద్దమ్మా అంటావు, నాకు ఆ మాట వద్దు, నంబర్ చెప్పు.

ఆవకాయ ఈసారి మీకు పావుకిలోనే పంపిస్తున్నా. ఉప్పు తగ్గించి పెడితే బూజు పడుతుంది, అందుకని సీసానే చిన్నది చేశా. ఆదివారం మధ్యాహ్నం ముద్దపప్పుతో రెండు ముద్దలు తిను, మిగతా రోజులు సీసా పై అరలో పెట్టమని కోడలికి చెప్పాను.

రేపు పొద్దున మెడికల్ షాపు తెరవగానే ఆ బిళ్ళలు కొని అట్ట ఫోటో పెట్టు. నేను ఐదున్నరకే లేచి ఉంటా, ఎప్పుడు పెట్టినా చూస్తా.

మీ పెద్దమ్మ