ఎంఆర్‌ఐ చప్పుడు గురించి అడిగిన అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మాది బొబ్బిలి. మా అమ్మాయి విజయనగరంలో బీఎస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతోంది. ఈమధ్య మా అమ్మకు విశాఖపట్నంలో ఎంఆర్‌ఐ తీయించినప్పుడు వెంట వచ్చి, ఆ యంత్రం ఎందుకలా మోగుతోందని టెక్నీషియన్‌ను ప్రశ్నలతో విసిగించింది. ఇప్పుడు ఎమ్మెస్సీ చేసి మెడికల్ ఫిజిసిస్టు అవుతానంటోంది. ఎంసీఏ చేసి ఆరోగ్యరంగంలో ఏఐ వైపు వెళ్లడం మేలని బంధువులు చెబుతున్నారు. రేడియేషన్ మధ్య ఉద్యోగమంటే రేపు సంబంధాలకు ఇబ్బంది కాదా? రెండింటిలో ఏది మంచిది?

జవాబు: పోలిక తరువాత. ముందు మీ భయం సంగతి చూద్దాం. ఆడపిల్లల తల్లిదండ్రులు ఎందరో నన్ను ఇదే అడిగారు. సంబంధాల మాట పైకి అంటారు గానీ, లోపల ఉన్నది పిల్లకో, రేపు పుట్టబోయే బిడ్డకో ఏమైనా అవుతుందేమోనన్న దిగులు.

రేడియేషన్‌తో పనిచేసేవారికి అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి అందే రేడియేషన్‌కు కొలత ఇది). ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఒంటిమీద పెట్టుకునే బ్యాడ్జిలో ఆ లెక్క నమోదవుతుంది. గర్భవతినని తెలియజేస్తే, మిగిలిన నెలలన్నిటికీ కలిపి బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ మించకుండా పని మార్చాలి. ప్రకృతి నుంచే మనిషికి ప్రపంచ సగటున ఏటా సుమారు 2.4 అందుతుంది. మన శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరపు ఇసుకలోనూ, రేడియేషన్ వెలువరించే థోరియం ఉన్న మోనజైట్ ఖనిజం ఉంది. కేన్సర్‌కు రేడియేషన్‌తో చికిత్స చేసే రేడియోథెరపీ యంత్రం నడిచేటప్పుడు మందపాటి కాంక్రీటు గోడల గదిలో రోగి ఒక్కరే ఉంటారు. మీ అమ్మాయి చూసిన ఎంఆర్‌ఐలోనైతే ఎక్స్‌రేలే ఉండవు. ఈ హద్దులు ఎక్కడా దాటకుండా చూడటం మెడికల్ ఫిజిసిస్టు పనుల్లో ఒకటి. మీరు దేనికి భయపడుతున్నారో, దాన్ని అదుపులో ఉంచే ఉద్యోగమది.

ఇక కాస్త కటువుగా మాట్లాడతాను. మీ అమ్మాయి ఎవరినీ విసిగించలేదు. బలమైన అయస్కాంతం లోపల ఉన్న తీగచుట్టల్లో విద్యుత్తును వేగంగా మారుస్తుంటే ఆ చుట్టలు అదురుతాయి. ఆ అదురే చప్పుడు. విద్యుత్తు పారే తీగను అయస్కాంతం నెడుతుందని బడిలో చదివిన పాఠమే, నానమ్మ పడుకున్న యంత్రంలో మోగింది. మార్కులు తెచ్చుకునే పిల్లలు నా దగ్గరకు చాలామంది వస్తారు. ఇలా అడిగేవాళ్లు తక్కువ. బంధువుల మాటను సలహాగా రాసి, కన్నబిడ్డ ప్రశ్నను ఫిర్యాదుగా రాశారు. అది నాకు బాధ కలిగించింది.

ఏఐ చెడ్డదని నేను అనను. ఆ పేరు తగిలించిన ప్రతి కోర్సునూ ఉద్యోగంగా చూడటం మీదే నాకు అనుమానం. స్కాన్‌లు చూసి జబ్బు చెప్పే వైద్యులకు, అంటే రేడియాలజిస్టులకు, ఇక శిక్షణ ఇవ్వడం ఆపేయవచ్చని 2016లో ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ అంతటివారు అన్నారు. ఆసుపత్రుల్లో రేడియాలజిస్టులు నేటికీ ఉన్నారు. ఒక కంపెనీ యంత్రం తీసిన బొమ్మలతో నేర్చిన ప్రోగ్రాం మరో యంత్రం బొమ్మల ముందు తడబడవచ్చు. సీటీ యంత్రంలో ఒక డిటెక్టర్ పాడైతే బొమ్మలో వలయం పడుతుంది. తుంటిలో లోహం ఉంటే చారలు పడతాయి. ఏది జబ్బో, ఏది యంత్రం వేసిన మచ్చో చెప్పాలంటే బొమ్మ ఎలా పుడుతుందో తెలియాలి. అలాంటి కోర్సుల సిలబస్‌లు పిల్లలు నా ముందు పెట్టినప్పుడు, ఆ పాఠం కోసమే వెతుకుతాను. చాలాసార్లు కనబడదు. ఫిజిక్స్ తెలిసినవారు ప్రోగ్రామింగ్ తరువాత నేర్చుకోగలరు. ఉద్యోగంలో చేరాక ఫిజిక్స్ వెనక్కి వెళ్లి నేర్చుకున్నవారిని నేను అరుదుగా చూశాను.

మీ అమ్మాయి దారిలోనూ కష్టముంది, దాచను. ఎమ్మెస్సీ రెండేళ్లు, తరువాత ముంబయిలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) నడిపే రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా ఏడాది, ఆపైన గుర్తింపు ఉన్న రేడియోథెరపీ విభాగంలో ఏడాది ఇంటర్న్‌షిప్. అంటే నాలుగేళ్లు. డిప్లొమాలో సీట్లు కొద్ది, పోటీ గట్టిది. పైగా ఆసుపత్రుల్లో కేవలం స్కానింగ్ కోసం ఫిజిసిస్టును పెట్టుకోవడం అరుదు. కొలువులు ఎక్కువగా కేన్సర్ చికిత్స వైపే ఉంటాయి. మనకు దగ్గరలో అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి అలాంటిది. స్కానింగ్ యంత్రాల పరిశోధనే కావాలంటే పీహెచ్‌డీ దాకా వెళ్లాలి, లేదా బెంగళూరులోని యంత్రాల తయారీ కంపెనీల పరిశోధన కేంద్రాల్లో ప్రయత్నించాలి.

కేన్సర్ విభాగంలో చేరితే స్కానింగ్‌కు దూరమవుతానేమోనని ఆమె దిగులుపడితే ఈ సంగతి చెప్పండి. 1956లో కేప్‌టౌన్‌లో ఫిజిక్స్ లెక్చరర్ అలన్ కార్మాక్ ఒక ఆసుపత్రిలో కొంతకాలం పార్ట్‌టైమ్ ఫిజిసిస్టుగా పనిచేశారు. శరీరంలో ఏ భాగం ఎక్స్‌రేలను ఎంత ఆపుతుందో తెలియకుండా చికిత్స మోతాదు కచ్చితంగా ఎలా లెక్కిస్తారన్న ప్రశ్న ఆయనకు అక్కడే పుట్టింది. ఆ లెక్క సీటీ స్కాన్‌కు పునాదుల్లో ఒకటైంది. 1979లో నోబెల్ తెచ్చింది.

ఈ వారమే ఆమె మార్కుల జాబితా తీసి చూడండి. డిప్లొమాకు బీఎస్సీలోనూ, ఎమ్మెస్సీలోనూ 60 శాతం అడుగుతారు. తగ్గే ప్రమాదముంటే మిగిలిన సెమిస్టర్‌లో సరిదిద్దుకోవడానికి ఆమెకు సమయమివ్వండి. ఎంసీఏ దరఖాస్తు ఆమెను అడగకుండా నింపకండి.